పూటకూళ్ల ఇల్లు



లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం తెలియని విశ్వాసి ఉండడు. మన సండే స్కూళ్లలో ఏటా పిల్లలు దాన్ని నాటికగా వేస్తారు. దొంగల వేషానికి పోటీ, గాడిద వేషానికి అంతకంటే పోటీ. యాజకుడు, లేవీయుడు తువ్వాలు భుజాన వేసుకుని ముఖం తిప్పుకుని పోతారు. సమరయుడు వస్తాడు, కట్టు కడతాడు, అందరూ చప్పట్లు కొడతారు. చివరలో ఒక పిల్లవాడు తలుపు దగ్గర నిలబడి రెండు నాణేలు అందుకుంటాడు. వాడికి మాటలు ఉండవు. మాటలు సరిగ్గా రానివాడికే ఆ వేషం ఇస్తారు.

ఆ పిల్లవాడి గురించే ఈ నెల రాయాలనుకుంటున్నాం.

పోయిన నెల యౌవనస్థుల కూడికలో ఈ భాగం చదువుతుంటే ఇంటర్ చదివే ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అయ్యగారూ, పూటకూళ్లు అంటే ఏంటండీ? పిండివంటా?" అని అడిగింది. అందరూ నవ్వారు గాని నవ్వినవాళ్లలో సగం మందికి కూడా తెలియదు. మన తెలుగు బైబిలులో గాయపడిన మనిషిని చేర్చిన చోటు పూటకూళ్లవాని ఇల్లు. పూట అంటే ఉదయం పూట, రాత్రి పూట అంటామే, అదే. కూడు అంటే అన్నం. డబ్బు పుచ్చుకుని పూటకు ఇంత అని అన్నం పెట్టే ఇల్లు. గురజాడవారి కన్యాశుల్కం నాటకంలో పూటకూళ్లమ్మ అనే పాత్ర ఉంది. ఇప్పుడు ఆ మాట పోయి 'మెస్' వచ్చింది. అప్పటి పూటకూళ్ల ఇళ్లలో బాటసారులు రాత్రి పడుకునేవారు కూడా.

సెమినరీలో మాకు గ్రీకు చెప్పిన అయ్యగారు ఈ మాట దగ్గర చాలాసేపు ఆగేవారు. మూల భాషలో ఇది పాండోకియోన్. 'పాన్' అంటే అందరూ. అందరినీ చేర్చుకునే చోటు అని ఆ మాటలోనే ఉంది. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట ఇక్కడ ఒక్కచోటే వస్తుంది. మరియ యోసేపులకు బేత్లెహేములో స్థలం దొరకలేదని లూకా 2వ అధ్యాయంలో రాసినప్పుడు వాడిన మాట వేరు, అది కటలూమా. ప్రభువు చివరి పస్కా తిన్న మేడగదికి కూడా 22వ అధ్యాయంలో ఆ మాటే వాడాడు. మన బైబిలులో దాన్ని ఒకచోట సత్రమనీ, ఇంకోచోట విడిది గది అనీ తర్జుమా చేశారు. బేత్లెహేములో స్థలం లేనిది బహుశా ఒక ఇంటి అతిథుల గదిలోనే అని చాలామంది పండితుల అభిప్రాయం. బంధువులు దిగే గది నిండిపోయింది. లూకాకు రెండు మాటలూ తెలుసు. ఎక్కడ ఏది రాయాలో కూడా తెలుసు.

ఇదంతా నోటు పుస్తకంలో రాసుకుని దాచుకున్న సంగతే. అది కళ్ల ముందు జరగడం 2023 జులై 27 రాత్రి చూశాం.

మా సంఘంలో ఒక మామ్మగారు ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. దానికి తోడు చక్కెర జబ్బు, రెండు పూటలా ఇన్సులిన్ ఇంజెక్షన్. బెజవాడలో చూపిస్తే హైదరాబాదు తీసుకువెళ్లమన్నారు. ఆమె మనవడు అద్దె కారు నడుపుకుంటాడు. కారు వాడిది, తోడు మేమిద్దరం. బుధవారం ఒక కంటికి ఆపరేషన్ అయింది. గురువారం ఉదయం కట్టు విప్పి చూసి, కంటి మీద ప్లాస్టిక్ మూత పెట్టి, నల్ల కళ్లద్దాలు ఇచ్చి, చుక్కల మందు వేళలు కాగితం మీద రాసి పంపించారు. కంట్లో నీళ్లు పడకూడదు, దుమ్ము పడకూడదు, బరువు ఎత్తకూడదు, వేళకు తినాలి. పదకొండు గంటలకు బయలుదేరాం.

ఆ వారమంతా తెలంగాణలో ఎలాంటి వానలు పడ్డాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మేము వెళ్తున్న దారి ములుగుకు చాలా దూరం. కాని నీళ్లకు దూరం లేదు. అక్కడెక్కడో కురిసిన వానంతా మున్నేరులో పడి, ఖమ్మాన్ని ముంచి, కిందికి దిగి, నందిగామ దాటాక ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి ఎక్కింది. సూర్యాపేటలో మధ్యాహ్నం భోజనం చేసినప్పుడు ఈ సంగతి ఎవరికీ తెలియదు. కోదాడ దాటాక వైపర్లు ఆగకుండా తిరుగుతున్నా అద్దం కనబడలేదు. నందిగామ దగ్గరికి వచ్చేసరికి లారీలు, బస్సులు, కార్లు వరుసగా ఆగిపోయి ఉన్నాయి. ఇంజన్లు ఆపేసి డ్రైవర్లు రోడ్డు మీద నిలబడ్డారు. అప్పుడే అర్థమైంది, ఇది గంటలో తేలే సంగతి కాదని.

పోలీసులు మంచిగానే చెప్పారు. వెనక్కి కోదాడ పోయి, హుజూర్‌నగర్, మిర్యాలగూడ మీదుగా గుంటూరు చేరమన్నారు. బెజవాడ 50 కిలోమీటర్లలో ఉండగా, రాత్రి పూట, ఆ వానలో, ఆ మనిషిని కూర్చోబెట్టుకుని అంత చుట్టు తిరగడమా? దారిలో ఏ వాగు ఏ రోడ్డు మీద పారుతోందో ఎవరికి తెలుసు? మామ్మగారు మాత్రం, "నా గురించి చూడమాకండి అయ్యగారూ, పోదాం పదండి" అన్నారు. అన్నారు గాని గొంతులో వణుకు ఉంది. సంచిలో సగం బిస్కెట్ ప్యాకెట్టు తప్ప తినడానికి ఏమీ లేదు. రాత్రి ఇంజెక్షన్ వేళ దగ్గర పడుతోంది. తిండి లేకుండా ఆ మందు ఎక్కించకూడదు. గదంటూ దొరకాలి, అన్నం కూడా దొరకాలి. కారు వెనక్కి తిప్పాం.

మొదటి లాడ్జీలో గది లేదు. మెట్ల మీద కూడా మనుషులే. ఆగిపోయిన బస్సుల్లోని వాళ్లు మా కంటే ముందే వచ్చేశారు.

రెండో లాడ్జీలో ఉంది. గోడ మీద బోర్డులో 800 అని రాసి ఉంటే 2500 అన్నాడు. అలాంటి రాత్రి ధర మూడింతలు కావడం న్యాయమా అంటే కాదు. కాని బేరమాడే వేళ కాదు గనుక ఒప్పుకున్నాం. ఆధార్ కార్డులు ఇచ్చాం, రిజిస్టరులో పేర్లు రాశాడు, ఊరు రాశాడు. ఈలోగా మామ్మగారిని నెత్తిన కండువా కప్పి, గొడుగు పట్టి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని లోపలికి తీసుకొచ్చాం. కంటి మీద మూత చూసి ఆ అబ్బాయి కలం ఆపేశాడు.

"పేషెంటా సార్? పేషెంట్లకి ఇవ్వమండీ."

"పేషెంటు కాదు బాబూ, శుక్లాల ఆపరేషన్. రేపు పొద్దున్నే వెళ్లిపోతాం."

"మా ఓనరు ఒప్పుకోరండీ. రాత్రికి ఏమన్నా అయితే మా పీకల మీదికి వస్తది."

అతని మీద మాకు కోపం లేదు. లాడ్జీ గదిలో ఒక మనిషి పోతే పోలీసులు వస్తారు, గదికి తాళం పడుతుంది, నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిరగాలి, ఆ గదిలో మళ్లీ ఎవరూ దిగరు. అందుకే చాలా లాడ్జీల్లో ఒంటరిగా వచ్చినవాళ్లకీ, జబ్బుతో వచ్చినవాళ్లకీ గది లేదనేస్తారు. ఆ అబ్బాయికి జీతమెంతో, వాడి ఓనరు ఎలాంటివాడో. రాసిన పేర్లు కొట్టేసి కార్డులు తిరిగి ఇచ్చాడు. ఇస్తూ "సారీ మామ్మా" అన్నాడు కూడా.

అక్కడి నుండి కొంచెం ముందుకు వస్తే ఒక మందిరం కనబడింది. కరెంటు పోయి ఊరంతా చీకటిగా ఉంటే గోపురం మీద శిలువ మాత్రం ఇన్వర్టరు మీద వెలుగుతోంది. మా ప్రాణం లేచి వచ్చింది. గేటుకు తాళం. పిలవగా పిలవగా కాపలా మనిషి గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చాడు. మేము ఫలానా ఊరి సేవకులం అని చెప్పాం. కమ్మీల మధ్య నుండి మా ముఖాల మీద టార్చి వేసి చూశాడు. పెద్దల మాట లేకుండా తాళం తియ్యకూడదన్నాడు. పెద్దలకు ఫోన్ చెయ్యమంటే టవరు లేదన్నాడు. అది నిజమే, మా ఫోన్లు కూడా పనిచెయ్యడం లేదు. కారు షెడ్డు కింద పెట్టుకోమని మాత్రం అన్నాడు. అది కూడా గేటు బయటే.

ఆ మందిరం ఎవరిదో, ఏ సంఘానిదో ఇక్కడ రాయం. ఆ తాళం వెనుక ఉన్న కారణం పల్లెల్లో సేవ చేసే ప్రతివారికీ తెలుసు. ఆంప్లిఫయరు పోతుంది, కీబోర్డు పోతుంది, కానుక పెట్టె పగులుతుంది. మా మందిరానికి కూడా రాత్రి తాళమే.

అప్పటికి ఎనిమిదిన్నర అయింది. మామ్మగారు మాట్లాడటం తగ్గించారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, చెమట కూడా పట్టింది. బిస్కెట్లు తినిపించి, ఎప్పుడూ ఇవ్వని పంచదార నీళ్లు రెండు గుక్కలు తాగించాం. మనవడు ఏడుపు ఆపుకుంటూ కారు నడుపుతున్నాడు. మేము లోపల ప్రార్థన చేస్తున్నాం. పెద్ద మాటలేం లేవు, "అయ్యా, ఒక గది" అని అంతే.

సందులో ఒక రేకుల షెడ్డు, దాని వెనుక చిన్న డాబా. షెడ్డు ముందు 'ఇంటి భోజనం' అని సున్నంతో రాసిన పలక. లోపల లాంతరు వెలుగుతోంది. ఆగి, అన్నం ఉందా అని అడిగాం. ఏభై ఏళ్ల మనిషి, కొంగు నడుముకు దోపుకుని గిన్నెలు తోముతోంది. "అన్నం ఉంది. పప్పు ఉంది. కూరైపోయింది. గుడ్డు వేసిమ్మంటే వేస్తా" అంది. మామ్మగారిని లోపల బల్ల మీద కూర్చోబెట్టి తినిపించాం. నాలుగు ముద్దలు లోపలికి పోయాక ఆమె ముఖంలోకి రంగు వచ్చింది. అప్పుడు మా ఇంటావిడ మెల్లగా అడిగింది, "అక్కా, ఈ రాత్రికి పడుకోడానికి ఇక్కడెక్కడైనా చోటుందా?" అని.

ఆమె చెయ్యి తుడుచుకుని మామ్మగారి వైపు చూసింది. "కంటికేమైంది పెద్దమ్మా?" అని అడిగింది. చెప్పాం. ఏ ఊరని అడిగింది. నాగాయలంక దగ్గరని చెప్పాం. తర్వాత అడిగింది, "మీరెవరు?" అని.

మన ఊళ్లలో ఆ మాటకు అర్థం పేరు అడగడం కాదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. మేము సేవకులమని చెప్పబోయాం. మామ్మగారు మాకంటే ముందే చెప్పేశారు. ఏ పేటో, ఏ కులమో, నాన్నచిన్నప్పుడు మిషను బడిలో బాప్తిస్మం తీసుకున్న సంగతీ, అన్నీ. దాచడం ఆమెకు రాదు. ఆ లాంతరు వెలుగులో మేము ముగ్గురం అన్నం మీద చెయ్యి ఆపి కూర్చున్నాం.

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆగలేదని రాస్తే అబద్ధమవుతుంది.

"పైన గది ఉంది. బియ్యం బస్తాలు పెట్టుకుంటాను. మూడొందలివ్వండి రాత్రికి. మెట్లు నాచు పట్టినయ్, పెద్దమ్మని చూసి ఎక్కించండి" అని లాంతరు తీసుకుని ముందు నడిచింది.

మూడు వందలు. భోజనం 80 చొప్పున నలుగురికి 320. గుడ్లకు వేరే 40. పొద్దున పలక మీద సుద్దతో లెక్క వేసి చూపించింది. ఉచితంగా ఉండమని ఆమె అనలేదు, మేమూ అడగలేదు. ఈ సంగతి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. మనవాళ్లు సాక్ష్యం చెప్పేటప్పుడు "ఒక్క పైసా తీసుకోలేదండీ, దేవదూతలాగా వచ్చింది" అని ముగించడం అలవాటు. ఈమె దేవదూత కాదు. ఆమెకు గ్యాసు బండ కొనాలి, బియ్యం కొనాలి, కరెంటు బిల్లు కట్టాలి. లూకా 10వ అధ్యాయంలోని పూటకూళ్లవాడు కూడా ఊరికే ఉంచుకోలేదు. రెండు దేనారాలు తీసుకున్నాడు. మత్తయి 20వ అధ్యాయం ప్రకారం ఒక దేనారం ద్రాక్షతోటలో ఒక రోజు కూలి. రెండు రోజుల కూలి తీసుకుని, ఆ తర్వాత ఎంతైనా వచ్చి ఇస్తానన్న ఒక పరాయివాడి నోటి మాట మీద, ఆ మనిషిని ఇంట్లో ఉంచుకున్నాడు. యెరూషలేము నుండి యెరికోకు దిగే ఆ దారి సుమారు 27 కిలోమీటర్లు. దొంగల దారి. మళ్లీ వస్తానన్నవాడు తిరిగి వస్తాడని నమ్మకం ఏమిటి? వచ్చాడో లేదో ప్రభువు చెప్పలేదు.

ఇంకో మాట. దొంగలు అతని బట్టలు కూడా దోచుకుపోయారు, కొసప్రాణంతో పడి ఉన్నాడు. మనిషిది ఏ జాతో కట్టిన బట్ట చెప్పాలి, లేదా మాట్లాడే యాస చెప్పాలి. రెండూ లేవు. కాబట్టి అతన్ని మోసుకొచ్చిన సమరయునికి గాని, తలుపు తీసినవాడికి గాని అతను ఎవరో తెలుసుకునే దారి లేదు. మామ్మగారి విషయంలో అలా కాదు. తెలిసింది. తెలిశాకే ఆమె లాంతరు తీసుకుంది.

ఆ రాత్రి ఇంజెక్షన్ చేసి, చుక్కల మందు వేసి, మామ్మగారిని బస్తాల పక్కన చాప మీద పడుకోబెట్టాం. రేకుల మీద వాన హోరు. ఎవరికీ నిద్ర పట్టలేదు. చీకట్లో ఆమె తనంతట తానే మొదలుపెట్టారు.

"అప్పుడు కూడా ఇట్టాగే బస్తాల మీదే అమ్మగారూ."

అప్పుడు అంటే మా దివిసీమలో వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చి వేలమందిని తీసుకుపోయిన రోజు. ఆమెకు అప్పటికి ఇరవై దాటి నాలుగైదేళ్లు. చంకలో ఎనిమిది నెలల పిల్లవాడు. తాడిచెట్టంత ఎత్తున నీళ్లు వచ్చాయని మా పెద్దవాళ్లంతా అంటారు. నీళ్లు రాక ముందే, గాలికి పాక కప్పు లేచిపోగానే ఆమె పెనిమిటి ఇద్దర్నీ లాక్కుని ఊళ్లోని ఒక మేడ వైపు పరుగెత్తాడట. ఆ ఇంటి గుమ్మం లోపలికి ఈమె జన్మలో అడుగు పెట్టలేదు. పనికి వెళ్తే వెనుక దొడ్లోకే. ఆ రాత్రి వాళ్లు తలుపు తీశారు. పేటలో నుండి ఇరవై మంది దాకా ఎక్కారు. మేడ మీద వడ్ల బస్తాల మీద కూర్చోబెట్టారు. ఆ ఇంటి పెద్దావిడ పిల్లవాడికి పాలు కూడా పట్టించింది.

"రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. మూడోనాడు దిగాం. ఊళ్లో ఊరు లేదు. సందు మలుపు తిరిగి వెనక్కి చూస్తే, ఆ మహాతల్లి గుమ్మం కడుగుతా ఉంది. చెంబుతో ఒకటే పొయ్యడం. ఊరంతా నీళ్లే గదండీ, ఆ నీళ్లు సరిపోలా."

మేము ఏమీ అనలేకపోయాం. కాసేపటికి మా ఇంటావిడ అడిగింది, "కోపం రాలేదా మామ్మా?" అని.

"కోపం ఎందుకమ్మా. పిల్లాడు బతికాడు గదా. తలుపు తీశారు గదా, తియ్యనివాళ్లు ఎంతమంది లేరు. నేను ప్రతి నవంబర్లో వాళ్ల పేరెత్తి ప్రార్థన చేస్తా." కొంచెం ఆగి మళ్లీ అన్నారు. "కాకపోతే ఆ చెంబు చప్పుడు మాత్రం ఇంకా వినబడుద్ది."

ఆ ఎనిమిది నెలల పిల్లవాడే, గది గుమ్మం దగ్గర తువ్వాలు పరుచుకుని పడుకున్న ఆ డ్రైవరు కుర్రాడి తండ్రి. వాడు నిద్రపోయాడనుకున్నాం. పోలేదు. కాసేపాగి లేచి వచ్చి నాయనమ్మ కాళ్ల మీద దుప్పటి సర్దాడు.

తెల్లవారుజామున కింద నీళ్ల చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూస్తే ఇంటావిడ బక్కెట్టుతో గుమ్మం కడుగుతోంది. మా గుండె ఆగినంత పని అయింది. మామ్మగారు మంచి కన్నుతో వంగి చూసి నవ్వేశారు. "ఇది రోజూ కడిగేదేలే అయ్యగారూ. ముగ్గు చిప్ప పక్కనే పెట్టుకుంది చూడండి" అన్నారు. ఆ చిన్న జల్లులో ముగ్గు నిలవదని తెలిసి కూడా ఆమె నాలుగు గీతలు గీసింది. తర్వాత పైకి కేకేసింది, పెద్దమ్మకు చక్కెర లేకుండా టీ పెట్టాను, ఎవరన్నా వచ్చి పట్టుకుపొమ్మని.

శుక్రవారం కూడా కదలలేదు. మామ్మగారిని ఆ ట్రాఫిక్కులో కూర్చోబెట్టే పని లేకుండా ఇంకో రాత్రి అక్కడే ఉన్నాం. మా ఇంటావిడ వంటలో చెయ్యి వేసింది. మనవడు వంద మందికి నీళ్లు మోశాడు, ఆగిపోయిన లారీ డ్రైవర్లు భోజనానికి బారులు తీరారు మరి. భోజనం ధర 80 నుండి పైసా పెంచలేదు. కూర మాత్రం పలచన చేసింది, అది మేము కళ్లారా చూశాం. శనివారం ఉదయం దారి తెరిచి ఉందని తెలుసుకుని బయలుదేరాం. ప్రార్థన చేసి వెళ్తామంటే సరేనంది. తల మీద కొంగు కప్పుకుని, పక్కనే ఉన్న వేంకటేశ్వరస్వామి పటం ముందే చేతులు కట్టుకుని నిలబడింది. మేమూ చేశాం.

ఊరు వచ్చాక ఆగస్టు సంఘ కమిటీలో ఈ సంగతి చెప్పి, మందిరం తాళం చెవి ఒకటి పక్కింట్లో ఉంచుదామని, దారిన పోయేవారు ఎవరైనా ఇరుక్కుంటే తెరిచే ఏర్పాటు చేద్దామని అడిగాం. పెద్దలు ఊరికే ఒప్పుకోలేదు. "తాగొచ్చినవాడు పడుకుంటే ఏం చేస్తారు?" అన్నారు ఒకరు. "ఆంప్లిఫయరుకు పూచీ ఎవరు?" అన్నారు ఇంకొకరు. ఇవి దొంగ అభ్యంతరాలు కావు. ఆ ఆంప్లిఫయరు వాళ్లు కూలి డబ్బుల్లో దాచి కొన్నది. మూడు నెలలు నలిగింది. చివరికి సామాను పెట్టడానికి ఒక ఇనుప బీరువా కొన్నాం, చెవి పక్కింట్లో పెట్టాం. మందిరానికి మరుగుదొడ్డి లేదన్న సంగతి అప్పుడే అందరికీ తట్టింది. ఆదివారం రెండు గంటలు కూర్చుని పోయేవారికి అక్కర్లేదు, రాత్రి ఉండేవారికి కావాలి. కోత పండుగ కానుకలతో గోడలు లేపాం. తలుపుకు డబ్బు చాలక పాత కన్వెన్షన్ ఫ్లెక్సీ కట్టాం, వర్తమానికుల ఫొటో లోపలికి రాకుండా మడిచి.

అది కట్టిన కొద్ది రోజులకే డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు రోజు సాయంత్రం నుండే గాలి లేచింది. మందిరంలోకి 31 మంది వచ్చారు. వారిలో విశ్వాసులు పన్నెండు మందే. మిగతావారు చెరువు గట్టు మీద గుడిసెలు వేసుకున్న వలస కూలీలు. రెండు మేకలు కూడా వచ్చాయి. మేకల్ని లోపలికి రానివ్వాలా వద్దా అని పెద్దల మధ్య పెద్ద వాదనే జరిగింది. నోవహు ఓడను ఒకరు ఎత్తారు, మోషే గుడారాన్ని ఒకరు ఎత్తారు. ఆఖరికి వరండాలో బలిపీఠం వైపు కాకుండా అవతలి వైపు కట్టేశారు. తెల్లారేసరికి అవి సండే స్కూలు చార్టు సగం తినేశాయి. అది మంచి సమరయుని చార్టు కాదు, పది ఆజ్ఞలది.

తాగొచ్చినవాడి సంగతి ఇంకా తేలలేదు. ఒకడు వచ్చాడు కూడా. ఆ కథ ఇంకోసారి.

మామ్మగారి రెండో కంటికి ఈ నెలాఖరున హైదరాబాదు బయలుదేరుతున్నాం. మొన్న నందిగామ అక్కకు ఫోన్ చేసి, వెళ్లేటప్పుడు మధ్యాహ్నం భోజనానికి ఆగుతామని చెప్పాం. మా పేర్లు ఆమెకు గుర్తు లేవు. "కంటి పెద్దమ్మా?" అని మామ్మగారిని మాత్రం గుర్తుపట్టింది. పైన గదిలో ఇప్పుడు బస్తాలు లేవట, ఒక మంచం వేయించిందట. భోజనం 100 చేశానని, వచ్చాక అనుకోవద్దని ముందే చెప్పింది. కాకరకాయ తింటారా అని మామ్మగారిని అడిగి చెప్పమంది, చక్కెర ఉన్నవాళ్లకు మంచిదట.

మామ్మగారికి ఆపరేషన్ నాటికి చక్కెర అదుపులో ఉండేలా మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి. కాకరకాయ తింటానన్నారు.